మామ్మగారి కుడి మోకాలు, మా తవుడు పిల్లి

మొన్న పొద్దున్నే మండపేట నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు మేం అద్దెకున్న వాటాలో ఇప్పుడుంటున్నావిడ చేసింది. "మామ్మగారు పోయారండి. రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్నారు, పొద్దున్న లేవలేదు. ముఖం చూస్తే నిద్రపోతున్నట్టే ఉందండి" అంది. నాకు ఏడుపొచ్చింది. కానీ దానికన్నా ముందు హమ్మయ్య అనిపించింది. తప్పుగా అనుకోకండి. ఆవిడ కుడి మోకాలు ఆవిడని ఎంత ఏడిపించిందో చూసినవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. మంచాన పడకుండా, ఒకరిచేత ఎత్తించుకోకుండా వెళ్ళిపోవాలన్నదొక్కటే ఆవిడ కోరిక. అది తీరింది.

ఆవిడ మా ఇల్లుగలావిడ. పదేళ్ళ కిందట మా ఆయన అక్కడ రైసు మిల్లులో గుమాస్తాగా చేసేవారు. మిల్లు వెనక వీధిలో మామ్మగారి పెంకుటింట్లో ఒక వాటా మాది. మొదట్లో ఆవిడంటే నాకు హడల్. పొద్దున్న పిలిచి పెరట్లో కాసిన మునక్కాడలు చేతిలో పెట్టేవారు. కాసేపటికి వరండాలోంచి వెళుతూ పొరపాటున ఆవిడ మంచానికి తగిలానా, "కళ్ళు నెత్తికెక్కాయా" అని కసిరేవారు. సాయంత్రం ఏమీ జరగనట్టు కాఫీకి పిలిచేవారు. "ఆవిడ ప్రేమ మన ఊరి కరెంటులాంటిది, ఎప్పుడు పోతుందో చెప్పలేం" అని మా ఆయన నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే మిల్లులోంచి ఒక పిల్లి మా ఇంటికి మరిగింది. ఎవరూ పెంచింది కాదు. తవుడు రంగులో ఉందని, అప్పుడు రెండో క్లాసు చదువుతున్న మా అమ్మాయి దానికి తవుడు అని పేరు పెట్టింది. పిల్ల బడి నుంచి రాగానే కాళ్ళకి రాసుకునేది, ఒళ్ళోకెక్కి గుర్రుగుర్రుమంటూ పడుకునేది. మామ్మగారు పైకి "ఛీ, దొంగముఖమా" అని తిట్టేవారు గానీ, చేపలు తెచ్చిన రోజు తలకాయ దానికే పడేది.

చలికాలం. ఒకరోజు పొద్దున్న మా అమ్మాయి ఎప్పట్లాగే పొట్టకింద చెయ్యి వేసి తవుడుని ఎత్తుకుంది. అది ఒక్కసారి అరిచి మణికట్టు కొరికేసింది. రక్తం కారింది. అది పారిపోలేదు. వరండా మూలకి నక్కి, చెవులు వెనక్కి వేసి, ఎవరు కదిలినా బుసకొడుతోంది. "దీనికి పిచ్చెక్కినట్టుందండి" అంది ఎదురింటావిడ. మామ్మగారు మాత్రం నాచేత పిల్లని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళించి, "సబ్బుపెట్టి కడుగు. నే చాలనేదాకా కడుగు" అన్నారు. కడిగాక ఆస్పత్రికి పంపించారు. డాక్టరుగారు సూదులు మొదలుపెట్టారు.

మేం తిరిగొచ్చేసరికి మా ఆయన మిల్లు నుంచి గోనెసంచి తెచ్చి సిద్ధంగా ఉన్నారు. మా వైపు పిల్లి బెడద ఎక్కువైతే సంచిలో కట్టి గోదావరి దాటించేస్తారు. మామూలుగా వదిలితే మళ్ళీ ఇంటికే వచ్చేస్తుందని. సాయంత్రం బియ్యం లారీ తాడేపల్లిగూడెం వెళుతోంది, డ్రైవరుతో మాట్లాడేశానన్నారు. మా అమ్మాయి కట్టు కట్టిన చేత్తో సంచి పట్టుకుని వదలదు. "దానికేదో అయింది నాన్నా, అది అలాంటిది కాదు" అని ఒకటే ఏడుపు.

"అబ్బాయ్, ఆ సంచి కింద పెట్టు" అన్నారు మామ్మగారు మంచం మీద నుంచే. "దాన్ని ఏరు దాటిస్తే దానికి పిచ్చో కాదో మనకెలా తెలుస్తుంది? రోజూ తింటూ తిరుగుతూ కంటికి కనపడుతుంటేనే కదా మనకి ధైర్యం."

మా ఆయన సంచి కింద పెట్టేశారు. మామ్మగారు నన్ను పిలిచి, పిల్ల దాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తిందని అడిగారు. పొట్టకిందనండి, రోజూలాగే అన్నాను. ఆవిడ మోకాలు నిమురుకుంటూ కాసేపు పిల్లినే చూశారు. తరవాత చేపముక్క ఒకటి పిట్టగోడ మీద పెట్టించి, అందర్నీ వెనక్కి జరగమన్నారు. చాలాసేపటికి తవుడు మెల్లగా వచ్చింది. ముందుకాళ్ళు గోడమీద వేసి, వెనక్కాళ్ళమీద నిలబడి ఒళ్ళు సాచింది. అప్పుడు కనపడింది మాకు. పొట్టకింద బొచ్చు ఊడి, తోలు ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆ పచ్చిమీద బూడిద అంటుకుని ఉంది.

మిల్లు బాయిలర్లో ఊక కాలుస్తారు. ఆ బూడిద దొడ్లో కుప్ప పోస్తారు. పైన చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది. చలికి వెచ్చగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ దానిమీదే పడుకుంటాయి. "నిన్ననే కొత్తగా పోయించామండి" అన్నారు మా ఆయన నీరసంగా.

"చూశావా మరి. కాలినచోట చెయ్యేస్తే నువ్వయితే ముద్దు పెట్టుకుంటావా?" అన్నారు మామ్మగారు. తరవాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "నాకూ అంతేనమ్మా. మంచం కదిలితే మోకాల్లో ప్రాణం పోయినట్టుంటుంది. తిట్టాలని కాదు, నెప్పే ముందు నోట్లోంచి వచ్చేస్తుంది" అన్నారు.

"ఆ ముక్క ముందే చెప్పచ్చు కదండి" అన్నాను.

"చెబితే జాలిపడతారు. ఆ జాలికన్నా మీరు నన్ను తిట్టుకోవడమే నయం."

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నాళ్ళూ ఆవిడకి నేనంటే పడదనుకున్నాను.

లారీ తవుడు లేకుండానే వెళ్ళిపోయింది. గోనెసంచి మామ్మగారి మంచంకింద దానికి పరుపయింది. పశువుల డాక్టరుగారిచ్చిన మందు చేపముక్కలో పెట్టి తినిపించాం. పుండు మానింది, బొచ్చు వచ్చింది, పిల్లి నిక్షేపంలా తిరిగింది. పిల్ల సూదులు మాత్రం ఆవిడ మాననివ్వలేదు. ఇంక భయం లేదమ్మా అని డాక్టరుగారన్న రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. "నువ్వు దాని దగ్గరికి వెళ్ళకు. చెయ్యి చాపి ఊరికే కూచో, దానికి ఇష్టమైతే వస్తుంది" అని మామ్మగారు మా అమ్మాయికి నేర్పారు. అలాగే కూచుంది. ఒక సాయంత్రం తవుడు తనంతట తానే వచ్చి ఒళ్ళోకెక్కింది.

నేనూ ఆవిడ మంచాన్ని గోడవారకి జరిపి, ఎప్పుడూ ఎడమవైపు నుంచే వెళ్ళడం నేర్చుకున్నాను. ఆవిడ కసురుళ్ళు పూర్తిగా పోలేదు గానీ, నాకు మళ్ళీ ఒళ్ళు మండలేదు. తవుడు సంచి వదిలేసి ఆవిడ పక్కలో చేరింది. దానికి ఎవరూ చెప్పకుండానే అదీ ఎడమవైపే పడుకునేది.

ఫోన్ రాగానే, ఇప్పుడు మేముంటున్న భీమవరం నుంచి అందరం బయల్దేరాం. అన్నీ అయిపోయాక వరండాలోకి వచ్చాం. మంచం గోడవారనే ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. దానిమీద తవుడు పడుకుని ఉంది, ముసలిదైపోయింది. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి కింద కూచుని, చెయ్యి చాపి ఊరుకుంది. తవుడు ఒకసారి కళ్ళు తెరిచి చూసింది గానీ కదల్లేదు. మంచమంతా ఖాళీగా ఉన్నా అది ఎడమ అంచునే ముడుచుకుని ఉంది. కుడివైపు, ఒక కాలు చాపుకునేంత చోటు వదిలేసి.