బెల్లం వాసన రాని బోర్డు

మొన్న వికారాబాద్‌లో మా టీచర్లకు శిక్షణ పెట్టారు. శిక్షణ అనే మాటలో శిక్ష ముందే ఉంది కాబట్టి మోసపోయామని ఎవరూ అనుకోలేదు. భోజనం కాగానే బోధన మొదలైంది. అన్నం తిన్న వెంటనే పాఠం వినడం ఎంత కష్టమో మా పిల్లలకు రోజూ తెలిసే సంగతే, మాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన అమ్మాయికి నా చిన్న బిడ్డ వయసు ఉంటుంది. అందర్నీ కళ్లు మూసుకోమంది. ఆ రోజు మొత్తంలో మేం మారుమాట్లాడకుండా పాటించిన ఆదేశం అదొక్కటే. తర్వాత మా అరచేతుల్లో ఏదో పెట్టి, వాసన చూసి ఏమిటో చెప్పమంది. చూపొక్కటే చాలదట. చెవితో, చేతితో, ముక్కుతో కూడా నేర్పితేనే ఏ రకం పిల్లకు ఆ రకంగా చదువు అందుతుందట. నా పక్కనున్నవాళ్లంతా బెల్లం, బెల్లం అన్నారు. నా చేతిలోనూ బెల్లం ముక్కే ఉంది. కానీ నాకు మొదట తోచింది బెల్లం కాదు, 'బ' అక్షరం. ఆ వెంటనే తాండూరు బస్టాండు తోచింది. కళ్లు తెరవమని ఆ అమ్మాయి చెప్పాక కూడా నేను తెరవలేదు. నిద్రపోయాననుకుని ఉంటుంది. పోనీలే అనుకున్నాను.

అప్పట్లో నేను తాండూరు దగ్గర ఒక చిన్న సర్కారు బడిలో పనిచేసేదాన్ని. రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరులో దిగి, ఆటోలో బడికి పోయేదాన్ని. బడి చుట్టూ నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్లు. పొద్దంతా రాయి కోసే చప్పుడు, గాలినిండా తెల్లటి దుమ్ము. నల్లబల్ల తుడిచిన పది నిమిషాలకే మళ్లీ తెల్లబడేది. సుద్దముక్క అక్కర్లేని బడి అని మా హెడ్మాస్టరు నవ్వేవారు. మా తరగతిలో మూడు భాషల పిల్లలు ఉండేవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు కొందరు, ఉర్దూ మాట్లాడేవాళ్లు కొందరు, సరిహద్దు దాటి పనికి వచ్చిన కన్నడం వాళ్ల పిల్లలు కొందరు. పుస్తకం మాత్రం ఒక్కటే.

వాళ్లలో ఒక పిల్ల ఉండేది, నాలుగో తరగతి. వాళ్ల నాయనది పాలిష్ మిషన్ మీద పని. మాటల్లో చురుకు, లెక్కలు నోటితో చెప్పేది, కథ ఒకసారి చెబితే చాలు, మర్నాడు నాకంటే బాగా చెప్పేది. అక్షరం చూపిస్తే మాత్రం అయిపోయింది. 'బ' చూపిస్తే 'ఓ' అనేది, 'ప' చూపిస్తే 'వ' అనేది. ఒకనాడు విసుగొచ్చి, సరిగ్గా చూడవే అన్నాను. "చూస్తున్న టీచర్, అవే నిలబడ్తలేవు" అంది. అక్షరాలను నిలబెట్టడం ఎలాగో నేను చదివిన ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. పిల్లల్ని బెంచీ మీద నిలబెట్టడం వరకే వచ్చింది నాకు.

ఏం చేయాలో తెలియని మనిషి చేసే పనులన్నీ చేశాను. మధ్యాహ్నం వంటకు తెచ్చిన కందిపప్పును తాంబాళంలో పరిచి, అందులో వేలితో అక్షరం రాయించాను. వంటామె మొదటిరోజే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పప్పు ఉడకనీకె గాని రాయనీకెనా మేడం" అంది. అన్నదే గానీ మర్నాటి నుంచి తనే తాంబాళం తెచ్చి పెట్టేది. పొద్దున రాసిన అక్షరాలను మధ్యాహ్నం తినే బడి ఈ జిల్లాలో మాదొక్కటే అయి ఉంటుంది. తర్వాత నేల వంతు వచ్చింది. మా తరగతి నేలంతా తాండూరు బండలే. వేలు నీళ్లలో ముంచి బండ మీద అక్షరం రాయడం, అది ఆరిపోయేలోపు పైకి అనడం, అంటూ చప్పట్లు కొట్టడం. ఆ తర్వాత చిన్న చిన్న డబ్బాల్లో వాసనలు పెట్టాను. బ అంటే బెల్లం, ప అంటే పుదీనా, ట అంటే టమాట, స అంటే సబ్బు, ర అంటే వంటామె ఇంటి నుంచి వచ్చే రాగిరొట్టె. మా హెడ్మాస్టరు తలుపు దగ్గర ఆగి, "మీ క్లాసు ముందుకెల్లి పోతే ఆకలైతుంది మేడం, గిది బడా హోటలా?" అనేవారు.

నా తెలివికి గండి పడింది ఉల్లిగడ్డ దగ్గర. డబ్బా మూత తీసి వాసన చూపించి, ఇది ఏ అక్షరం అని గొప్పగా అడిగాను. తెలుగు పిల్లలు 'ఉ' అన్నారు. ఉర్దూ పిల్లలు ప్యాజ్ కదా అని 'ప' అన్నారు. కన్నడం పిల్లలు ఈరుళ్ళి అని 'ఈ' అన్నారు. ముగ్గురిదీ తప్పు కాదు. ఒక్క ఉల్లిగడ్డతో మూడు అక్షరాలు పుట్టించి, నేను మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఉల్లిగడ్డ వల్లనే అని పిల్లలు నమ్మారు. ఆ దెబ్బతో ఉల్లిగడ్డను బడి నుంచి తీసేశాం. ఉర్దూ పిల్లలకు చప్పట్లు, కన్నడం పిల్లలకు అక్షరానికో గంతు వేయడం బాగా పట్టుబడ్డాయి. ఈ పిల్లకు మాత్రం వేలు, నీళ్లు, వాసన కలిస్తేనే అక్షరం కదలకుండా నిలబడేది. బండ మీద రాసుకుని, డబ్బా వాసన పీల్చుకుని, నెమ్మదిగా చిన్న చిన్న మాటలు చదవసాగింది. చదివిన ప్రతిసారీ ముక్కు ఎగబీల్చేది. జలుబనుకుని వంటామె ఒకసారి కషాయం కూడా పోసింది.

కంది కోతల రోజుల్లో వాళ్ల నాయన బడికి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా రాతిదుమ్ము. బొంరాస్‌పేట దగ్గర ఉన్న, వయసు మళ్లిన తన అక్క ఇంట్లో జారిపడిందనీ, తుంటి విరిగి మంచంలో ఉందనీ, భర్తా పిల్లలూ ఎవరూ లేరనీ చెప్పాడు. తనకు పని మానితే గడవదు, భార్య కోతలకు పోతోంది. అందుకని బిడ్డను అక్క దగ్గర ఉంచుతానన్నాడు. ఎన్నాళ్లని అడిగితే, ఆమె లేచి తిరిగేదాకా అన్నాడు. ఆ వయసులో తుంటి విరిగినవాళ్లు ఎన్నాళ్లకు తిరుగుతారో మా ఇద్దరికీ తెలుసు. ఇప్పుడిప్పుడే చదువు వస్తోంది, ఈ వేలూ ఈ వాసనా తప్పితే మళ్లీ మొదటికి పోతుంది అని నేను ఏదేదో చెప్పాను. ఆయన ఓపికగా విని, "నాలుగేండ్ల సంది వస్తలేనిది ఇప్పుడెట్ల వస్తది మేడం? ఆదివారం బస్టాండ్ల బస్సు బోర్డు సదివిందనుకో, ఈడనే ఉంచుత" అన్నాడు. ఆయనకు చదువు రాదు. ఎక్కే ప్రతి బస్సుకూ పక్కవాణ్ని అడిగి, ఒక్కోసారి తిట్లు కూడా తిని ఎక్కిన మనిషి. చదువంటే ఆయన లెక్కలో బస్సు బోర్డు చదవడమే. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేయగలిగింది కూడా ఏమీ లేదు.

ఆ ఆదివారం పొద్దున వికారాబాద్ నుంచి రైల్లో వెళ్లాను. తాండూరు బస్టాండులో ఆ తండ్రీబిడ్డా ముందే ఉన్నారు. ఆయన చేతిలో బట్టల సంచి అప్పుడే సిద్ధంగా ఉంది. పిల్ల మాత్రం ఎర్ర రిబ్బన్లు కట్టుకుని పండక్కి వచ్చినట్టు ఉంది. నేను నోరు విప్పి అందించకూడదని ఆయన షరతు. తలూపాను.

బస్సు వచ్చింది. నుదుటి మీద బోర్డు, దాని మీద దుమ్ము, దాని కింద బొంరాస్‌పేట. ఆ ఊరివాళ్లు ఇంకాస్త చిన్న పేరు పెట్టుకోవాల్సింది. బొం, రా, స్, పే, ట. ఆ పిల్ల ముక్కుకు బెల్లం, రాగిరొట్టె, సబ్బు, పుదీనా, టమాట. లోకంలో ఏ వంటలోనూ కలవని సరుకులు. పిల్ల బస్సు ముందుకు పరుగెత్తింది. మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపింది, బోర్డు అందలేదు. మెడ సాచి గట్టిగా గాలి పీల్చింది. నా వైపు తిరిగి, "టీచర్, డీజిల్ వాసన తప్ప ఏం వస్తలేదు" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేర్పినదాన్ని నేనే కాబట్టి నవ్వలేకపోయాను. వాసనతో నేర్పాను గానీ వాసన లేని చోట ఎలా చదవాలో నేర్పలేదు, అది రేపటి పాఠం అనుకుంటూ వచ్చాను. ఎక్కేదుంటే ఎక్కండి, లేకుంటే జరగండి అని కండక్టరు కేకేశాడు. తండ్రి కదల్లేదు. నా నాలుక మీద ఆ ఊరిపేరు మొత్తం సిద్ధంగా ఉంది, మింగాను. బస్సు వెనక్కి తిరిగి, దుమ్ము లేపి వెళ్లిపోయింది.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా సంచిలోంచి నీళ్ల సీసా లాక్కుని, మూతలో కాసిని నీళ్లు పోసుకుని, బస్టాండు బండల మీద గొంతుక్కూర్చుంది. కళ్లు మూసుకుని, వేలు ముంచి, చూసినదాన్ని రాయసాగింది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా. ఒక్కొక్కటి రాసి ముక్కు ఎగబీల్చి, లేని వాసన ఏదో గుర్తు తెచ్చుకుని, చప్పట్లు కొట్టి మరోటి. చివరికి కళ్లు తెరిచి, వేలు పెట్టి మొదటి నుంచి అంది. బొం. రా. స్. పే. ట. వాళ్ల నాయన పక్కనున్న కాలేజీ పిల్లవాణ్ని, ఇప్పుడు పోయిన బస్సు ఏ ఊరిదని అడిగాడు. బొంరాస్‌పేట అన్నాడతను, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

నేను గెలిచాననుకున్నాను. ఆయన బండ మీది తడిని తొక్కకుండా పక్కకు జరిగాడు. తర్వాత, "సదివింది మేడం, నేను కాదంటలేను" అన్నాడు. సంచి మాత్రం కింద పెట్టలేదు. "మా అవ్వ పోయినంక మా అక్కనే నన్ను సాకింది. ఇయ్యాల ఆమెకు మంచినీళ్లిచ్చెటోళ్లు లేరు. సదువు రాదనుకుంటే పంపనీకె మనసుకు జర అలకగుంటుండె. ఇప్పుడు బరువైంది."

అక్కను వదిలేయమందామా? నేను వచ్చి చూసుకుంటానందామా? రైలు దిగి బడికి, బడి నుంచి రైలుకు పరుగెత్తే మనిషిని. ఆయన మాటలో ఎక్కడా తప్పు లేదు. తప్పుంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టడం నాకు బాగా వచ్చు. అంతలోనే వచ్చిన తర్వాతి బస్సు ఎక్కారు. కిటికీలోంచి పిల్ల, "టీచర్, ఆడ బడిల బండలున్నయా?" అని అడిగింది. ఉంటాయి అన్నాను. నాకు తెలియదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, బండ మీద మొదటి అక్షరాలు ఆరిపోయాయి, 'ట' ఒక్కటి సగం మిగిలింది.

మరుసటి ఏడాది నాకు వికారాబాద్ బదిలీ అయింది. తాండూరు వెళ్లినప్పుడల్లా ఆ నాయన్ని అడిగేదాన్ని. అక్క ఇంకా మంచంలోనే ఉందని, పిల్ల అక్కడి బడికి "పోతనే ఉన్నది మేడం" అని నేల చూస్తూ చెప్పేవాడు. మొన్నటి శిక్షణలో చివర ఆ అమ్మాయి నన్ను లేపి, ఈ పద్ధతిలో మీ అనుభవం ఏమిటమ్మా అని అడిగింది. మంచి పద్ధతి, పిల్లలకు చదువు వస్తుంది అన్నాను. అబద్ధం కాదది. బెల్లం ముక్క అరచేతిలోనే కరిగి జిగటగా అంటుకుంది. కాలం కూడా ఆ బస్సులాంటిదే, బోర్డు చదవడం అయ్యేదాకా ఎవరి కోసమూ ఆగదు. అది వెళ్లిపోయిన చోట, బండ మీద వేలు పెట్టుకుని, నేనింకా కూడబలుక్కుంటూనే ఉన్నాను.