పాలయ్య మానుకున్నవి

పాలయ్యకు ఉన్నది ఒకే ఒక పిచ్చి. ఈ లోకంలో తనకు అన్నిటికంటే ఇష్టమైనదేదో ఏడాదికొకసారి వెతికి పట్టుకుని, దాన్ని నలభై రోజులు మానుకునేవాడు. మానుకునేది ఆయనే అయినా కష్టం మాత్రం మా అందరిదీ.

జమ్మలమడుగు మిషను బడిలో ఆయన మూడో తరగతికి, నేను నాలుగో తరగతికి పాఠాలు చెప్పేవాళ్ళం. గోడకు గోడ ఇళ్ళు. వాళ్ళ మతంలో ఈస్టరు పండుగకు ముందు లెంటు అని నలభై రోజుల దీక్ష ఉంటుంది. లోకం మీది మనసును దేవుని మీదికి మళ్ళించుకోవాలని దాని ఉద్దేశం. మిగతావాళ్ళు ఒకపూట తిని గుట్టుగా కానిచ్చేవారు. పాలయ్య దగ్గర గుట్టు లేదు. దీక్ష మొదలయ్యే భస్మ బుధవారం సాయంత్రం ఆరాధన ముగియగానే, ఎవరూ అడక్కపోయినా లేచి నిలబడి, ఆ ఏడు ఏది మానుకుంటున్నాడో చాటేవాడు. అది వినడానికి మతంతో నిమిత్తం లేకుండా మా వీధంతా మిషను గుడి మెట్ల మీద చేరేది. ఏకాదశి ఉపవాసం పూటైనా నిలవని నేను అందరికంటే ముందుండేవాణ్ణి.

ఒక ఏడు ముక్కుపొడి మానుకున్నాడు. ఆ నలభై రోజులూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన డబ్బీలోంచి నాచేత పీల్పించేవాడు. నాకు అలవాటు లేదని మొత్తుకున్నా వినలేదు. నేను తుమ్మితే కళ్ళు మూసుకుని తృప్తిపడేవాడు. ఈస్టరు నాటికి ఆయన అలవాటు ఆయనకు తిరిగొచ్చింది, నాకు కొత్తగా అంటుకుంది.

మరో ఏడు సైకిలు. బడికి నడిచే వచ్చేవాడు గానీ, సైకిలును పక్కన తోసుకుంటూ వచ్చేవాడు. ఇదేమిటయ్యా అని అడిగాను.

"ఎక్కనన్నా గానీ, తోడు తీసకపోనని అన్లేదు కద సామీ."

పైగా ఆ నలభై రోజుల్లో ఆదివారాలు లెక్కలోకి రావట. శాస్త్రం ఆయనకు అనుకూలంగా ఉన్నచోట పాలయ్యంత నిష్ఠాపరుడు లేడు. ఆదివారం గుడి నుంచి రాగానే సైకిలెక్కి, దీపాలు పెట్టే వేళకు దిగేవాడు. ఎక్కడికీ పోయేది లేదు, ఊరి చుట్టూ తిరగడమే.

ఇక ఆయన భార్య యేసమ్మ. మాటంటే మాటే. ఆమె తమ్ముడు దేవపాలు పులివెందులలో ఉండేవాడు. కూతురి పెళ్ళికి అక్కను ఇంటికొచ్చి పిలవకుండా బస్సు కండక్టరుతో కబురు పంపాడు. ఇక వాడి గడప తొక్కనని యేసమ్మ ఒట్టు పెట్టుకుని మూడేళ్ళయింది. ఆ కండక్టరు పాపం మా వీధిలోకి రావడమే మానేశాడు.

ఆ అక్కాతమ్ముళ్ళ తల్లి ఆనందమ్మ కొడుకు దగ్గరే ఉండేది. మన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. వేసవి లోపల కోయించకపోతే చూపు దక్కదని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పాడు. ముసలమ్మ కూతురికి తల్లే కదా. యేసమ్మ ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతేనే ఆసుపత్రికి వస్తానంది. ఉత్తరం చదివి యేసమ్మ రోజంతా ఏడ్చింది, పయనం మాత్రం కట్టలేదు. పాదిరిగారు చెప్పారు, మా ఆవిడ వేదవతి చెప్పింది. దేవపాలే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వచ్చినవాడికి మజ్జిగ ఇచ్చింది గానీ జవాబివ్వలేదు. మాఘమాసమంతా ఇలా గడిచిపోయింది. అక్కడ ముసలమ్మకు ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడం మానేశాడు.

అంతలో భస్మ బుధవారం వచ్చింది. పైలోకపు వాటి మీదే మనసు నిలపాలని పాదిరిగారు చెప్పి ముగించగానే పాలయ్య లేచాడు.

"నా మనసు దేని మీద ఎక్కువుందా అని వారం దినాలు వెతికినా. ముక్కుపొడి కాదు, సైకిలు కాదు. మా యేసమ్మ మీదుండాది. అందుకని ఈ నలభై దినాలు ఆయమ్మను మానుకుంటాండా."

గుళ్ళో ఆడవాళ్ళ వైపు నవ్వులు మొదలయ్యాయి. యేసమ్మ కొంగు సర్దుకుని నిలబడింది.

"నన్ను ముక్కుపొడితో జమ కట్టినావా?" అని మాత్రం అడిగి, బయటికి నడిచింది.

తెల్లవారి మొదటి బస్సుకు ట్రంకుపెట్టెతో పులివెందులకు వెళ్ళిపోయింది. వేదవతి నన్ను తరిమింది, పోయి ఆయనకు నాలుగు చీవాట్లు పెట్టి రమ్మని. పోయేసరికి పాలయ్య మాడిన సంగటి ముందు కూర్చుని ఉప్పు కోసం వెతుక్కుంటున్నాడు. అసలే ఆమె తల్లి దిగులుతో ఉంటే ఈ వేళాకోళమేమిటని కేకలేశాను.

"పొమ్మంటే పోదు సామీ, నెల దినాలు చెప్పి చూసినా" అన్నాడు నింపాదిగా. "మొగుని మీద కోపమొచ్చిన ఆడది యాడికి పోతాది? అమ్మకాడికే. తమ్మునిమీదుండే కోపం కంటే పెద్ద కోపం తెప్పిస్తే, ఆ చిన్న కోపం దానంతటదే మర్సిపోతాది."

"మరి దేవుని ముందర అబద్ధమాడితివే?"

"అబద్ధమేంది? ఉండే మాటే చెప్పినా."

అంటూ తల వంచుకుని సంగటిలో మాడిన చోటు గిల్లి పక్కన పెట్టాడు. నాకు ఆ మనిషి మీద అంతవరకూ లేని గౌరవం పుట్టింది. ఇంటికెళ్ళి ఉప్పు తెచ్చిచ్చాను. ఆ రోజు నుంచి వేదవతి గోడ మీదుగా పప్పు గిన్నె అందించేది.

యేసమ్మ తమ్ముడి గడప తొక్కింది. వారం లోపలే తల్లిని ప్రొద్దుటూరు తీసుకొచ్చి కళ్ళు కోయించింది. ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి పాలయ్య సైకిలు మీద ప్రొద్దుటూరు పోయేవాడు. కట్లు విప్పేదాకా రోగి తల కదలకూడదు, నవ్వనే కూడదు. అల్లుడు నోరు తెరిస్తే చాలు ముసలమ్మ భుజాలు ఊగేవి. నర్సమ్మ ఆయన్ను బయటికి పంపేసింది. అప్పటినుంచీ ఆదివారమంతా వరండాలో నిలబడి కిటికీలోంచి భార్యను చూసి, సాయంత్రం సైకిలెక్కి వచ్చేవాడు.

ఈస్టరు నాడు యేసమ్మ వచ్చింది. వెంట తల్లి, లావాటి కళ్ళద్దాలతో. ముసలమ్మ మా వీధిలో ప్రతి మనిషినీ దగ్గరికి పిలిచి, ఎవరెంత ముసలైపోయారో మొహం మీదే చెప్పింది. నన్ను చూసి రెండుసార్లు చెప్పింది.

మర్నాడు యేసమ్మ మా గిన్నెలు తోమి తెచ్చిచ్చింది. ఆయన మీద కోపం తగ్గిందా అని అడిగాను. ఆమె గోడవతలికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"ఇరవై రెండేండ్ల కాపురం సామీ. ఆయప్ప కడుపులో ఏముండాదో నాకు తెలీదా? గుళ్ళో లేసి నోరు తెరిసినప్పుడే తెలిసిపాయ. అమ్మకాడికి పోయేదానికి నాకూ ఒక సాకు కావాల్సి ఉన్నింది. ఆయప్పకు మాత్రం చెప్పొద్దండి. శానా తెలివి చేసినానని సంబరపడతాండాడు."

చెప్పనని మాటిచ్చాను. సాయంత్రం పాలయ్య రానే వచ్చాడు. యేసమ్మను తానెలా బుట్టలో వేశాడో మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. నేను మళ్ళీ మొదటినుంచీ విన్నాను.