మగవారి కంటికి ఉప్పు డబ్బా కనబడకపోవుట

ముంచింగిపుట్టు అవతల కొండల్లో, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను సైన్సు చెబుతాను. మొన్న బళ్ళో సైన్సు ప్రదర్శన పెట్టాం. పిల్లలు అగ్నిపర్వతాలు, గాలిమరలు చేసుకొచ్చారు. తొమ్మిదో తరగతి గుంట ఒకతి మాత్రం ఒట్టి చార్టు పట్టుకొచ్చింది. దాని మీద పెద్దక్షరాలతో "మగవారి కంటికి ఉప్పు డబ్బా కనబడకపోవుట: ఒక పరిశీలన" అని రాసి ఉంది.

"ఇదేం సైన్సు మేడమ్?" అన్నారు మా లెక్కల మాస్టారు.

"చూసింది చూసినట్టు రాసింది కదండీ, ఉండనివ్వండి" అన్నాను. అన్నానే గానీ లోపల బెరుకుగానే ఉంది. కాఫీ తోట పనులు మానుకుని వాళ్ళ నాన్న కూడా వచ్చి గుంపులో నిలబడ్డాడు.

బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన పెద్దాయన ముందు ఆ పిల్ల గొంతు సవరించుకుంది. "వంటింటి గడప దాటగానే మగవారి చూపు సగానికి పడిపోతుంది సర్. డబ్బా ఎదురుగానే ఉంటుంది. కన్ను చూస్తుంది గానీ మెదడుకి కబురందదు. అప్పుడు నోటి నుంచి 'ఉప్పెక్కడే?' అనే ధ్వని దానంతటదే వెలువడుతుంది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఎంతమందిని పరిశీలించావమ్మా?"

"మా నాన్నని సర్."

"ఒక్క మనిషిని చూసి మగజాతికంతా లోపం అంటగట్టేస్తావా?"

వాళ్ళ నాన్న ముందుకొచ్చాడు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి సారూ. కొండ కొమ్మున తేనెపట్టుంటే కింద నుంచే సూపిస్తాను. రెండో పక్క కూడా సెప్పనీండి గుంటని."

పిల్ల చార్టు తిప్పింది. వేసవి సెలవుల్లో వాళ్ళమ్మ చెల్లెలి పురుడికి వెళితే ఇంట్లో నాన్నే వంట చేశాడట. "మొదట్లో అన్నీ వెతుక్కున్నాడు సర్. తర్వాత చూడకుండానే చెయ్యి డబ్బా మీద పడేది. అమ్మ తిరిగొచ్చి 'ఉప్పెక్కడయ్యా?' అని అడిగింది, నాన్న డబ్బాలన్నీ మార్చేశాడు మరి. కాబట్టి నా మొదటి సిద్ధాంతం తప్పు. లోపం మగవాళ్ళది కాదు, వంట చెయ్యనివాళ్ళది."

తన సిద్ధాంతం తప్పని నలుగురి ముందూ తానే చెప్పిన పిల్లని నేనింతవరకూ చూడలేదు. ఆ పిల్లకి టీచర్నని చెప్పుకోవాలనిపించింది, పక్కనున్న లెక్కల మాస్టారికి చెప్పుకున్నాను కూడా.

మొదటి బహుమతి అగ్నిపర్వతానికే పోయింది. పొగ బాగా వచ్చింది దానికి. వాళ్ళ నాన్న ఆ చార్టు చుట్టి చంకలో పెట్టుకుని జీపెక్కాడు. "ఏటది?" అని ఎవరో అడిగితే విప్పి చూపించాడు.

"మా గుంట సేసింది. ఇందులో ఉన్నోడ్ని నేనే."

జీపు కదిలేసరికి, అల్లం పచ్చడి ఎలా నూరాలో పక్కాయనకి చెబుతున్నాడు.