పొరుగింటి ఏడుపు

గోదావరిఖనిలో మా కంపెనీ క్వార్టరుకు, పక్క క్వార్టరుకు మధ్య ఒకటే గోడ. అటు ఆమె, ఇటు నేను. ఆమె మామ కంపెనీ వర్క్‌షాపులో పనిచేసేవాడు. భర్త మెకానిక్, కువైట్‌లో ఒక శేఠ్ దగ్గర లారీలు బాగుచేసేవాడు. నా భర్త బొగ్గుబాయిలో దిగేవాడు. వాళ్ళింట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు, గోడ మీదుగా రెండూ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. నేను ఆమెను చెల్లె అనేదాన్ని, ఆమె నన్ను అక్క అనేది. అంత ప్రేమగా పిలుచుకున్నా ఆమెను చూస్తే నాకు ఓర్వలేనితనం. దాచుకోవాల్సిన పనేముంది? ఆమె కిటికీలో కువైట్ టేప్‌రికార్డర్ మోగుతుంటే, మా రేడియో నెత్తిన మొట్టికాయ పడితే తప్ప పలికేది కాదు.

టేప్‌రికార్డర్ మీది కుళ్ళు చిన్నది. పెద్దది, కువైట్ మీదికి పక్క దేశం సైన్యం వచ్చిపడిన ఏడు పుట్టింది.

ఆ వార్త తెలిసిన రోజు నుంచి కాలనీ అంతా ఆమె ఇంటి ముందే. పొద్దున ఒకరు చాయ్ తెస్తే, మధ్యాహ్నం ఇంకొకరు అన్నం తెచ్చేవాళ్ళు. బసంత్‌నగర్ నుంచి ఆమె చుట్టాలు సిమెంటు లారీ ఎక్కి వచ్చారు. పెద్దపల్లి ఆఫీసు నుంచి ఎవరో అధికారి వచ్చి, మీ ఆయన క్షేమ సమాచారం కనుక్కుంటున్నామమ్మా అని చెప్పి పోయాడు. మసీదులో దువా చేశారు. గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టారు, ఆ కాయ కొట్టింది మా వరుసలోని అవ్వే. మన మంత్రి ఆ దేశం పోయి మాట్లాడుతున్నాడని, మనవాళ్ళను తేవడానికి విమానాలు పోతున్నాయని రేడియో రోజూ చెప్పేది. నేనూ అందరితో పాటు కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. నిజంగానే బాధపడ్డాను. అప్పటికి నా భర్త ఇంట్లోనే ఉన్నాడు కదా, బాధపడటం సులువు.

ఆ వానాకాలం పోకముందే ఒక సాయంత్రం నా భర్త మొదటి షిఫ్టు నుంచి ఇంటికి రాలేదు. ఆయనతో జోడీగా పనిచేసే అతను వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే తల వంచుకుని నిలబడ్డాడు.

"వదినె, అన్నను జీపుల ఎక్కిచ్చుకపోయిండ్రు. బాయి మీదికి వచ్చుడే ఆలస్యం, పట్టుకున్నరు. బత్తి సుత ఇయ్యనియ్యలే, నెత్తి మీదనే ఉండె."

"ఎవలు?"

"ఎవలో నీకు ఎర్కలేదా? నేను చెప్పిన్నని అనకు, నీ కాల్మొక్కుత."

ఆ నెలలోనే కూలీ రేట్ల కోసం సమ్మె మాట నడిచింది. నా భర్త ఒక మీటింగులో మాట్లాడాడు. ఆ మీటింగుకు అడవిలోని వాళ్ళెవరో వచ్చి పోయారని పోలీసుల అనుమానం. ఎవరొచ్చారో పేర్లు చెప్పాలి, అంతే వాళ్ళకు కావలసింది. మా వైపు అలా పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు, కొందరి గురించి పేపర్లో ఎదురుకాల్పులని నాలుగు ముక్కలు వచ్చాయి. నాకు ఆ నాలుగు ముక్కల భయమే పట్టుకుంది.

పొద్దున్నే ఠాణాకు పోయాను. కుర్చీలో ఉన్నవాడు నా ముఖం కూడా చూడలేదు. "మేం ఎవల్ని తేలే. మీ ఆయన ఎక్కడ తాగి పడ్డడో దేవులాడుకో, పో." ఇంటికి వచ్చేసరికి మా వరుసలో తలుపులన్నీ దగ్గరికి వేసి ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టిన అవ్వ నన్ను చూసి, ఏదో మరిచిపోయినట్టు లోపలికి పోయింది. చాయ్ గిన్నెలు మాత్రం నా వాకిలి దాటుకుంటూ పక్కింటికి పోతూనే ఉన్నాయి.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగింటి ఏడుపు కూడా రుచిగా కనబడింది. ఆమె గట్టిగా ఏడవొచ్చు. మొగుని పేరు చెప్పి గుండెలు బాదుకోవచ్చు. ఏమైనా తెలిసిందా అని దారిన పోయేవాడు కూడా ఆగి అడుగుతాడు. నేను ఏడిస్తే పక్కవాళ్ళకు ఎక్కడ చుట్టుకుంటుందోనని కొంగు నోట్లో కుక్కుకోవాలి. ఎక్కడో సముద్రం అవతల ఉన్నవాడి కోసం ఢిల్లీ కదిలింది. సైకిల్ మీద పోయేంత దూరంలో ఉన్నవాడి కోసం పక్క క్వార్టరు కదలలేదు. నాకు కడుపు మండిపోయింది.

మర్నాడు ఆ మండిన కడుపుతో ఉండగానే ఆమె గోడ మీది నుంచి తొంగిచూసి, "భాయ్ డ్యూటీకి పోతలేడా అక్క?" అని అడిగింది. వాళ్ళ ఇంటి గోలలో ఆమెకు సంగతి తెలియలేదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు. నేను అరిచేశాను.

"నీకేంది చెల్లె, నీ మొగని కోసం ఇమానాలు పంపుతున్నరు. నా మొగని కోసం ఎడ్లబండి సుత ఎవడు పంపుతడు?"

మొత్తం చెప్పాను. కువైట్‌ను కూడా రెండు తిట్లు తిట్టాను. ఆమె అంతా విని, కళ్ళు తుడుచుకుని, "నీ ఆయన ఏ గోడెన్క ఉన్నడో నీకు ఎర్కనే అక్క. నాకు గది సుత ఎర్కలేదు. నిన్ను జూస్తే నాకు జలన్ అయితాంది" అంది.

నా మీద అసూయ! నా మీద అసూయపడ్డ మనిషిని బతుకులో మొదటిసారి చూశాను. అంత దుఃఖంలోనూ కొంచెం గర్వమనిపించింది. ఆమె ఇంట్లోకి పోయి బురఖా వేసుకుని వచ్చింది. "నడువు, ఎక్కడికి పోవాలె?" అంది.

ఎక్కడికో నాకు అప్పుడే తట్టింది. బాయిలో ఒక పద్ధతి ఉంది. దిగే ప్రతి మనిషికీ ఒక తలదీపం, అదే బత్తి, ఇస్తారు. దాన్ని టోపీకి తగిలించుకుని దిగుతాడు, పైకి వచ్చాక బత్తి గదిలో అప్పగించాకే ఇంటికి పోతాడు. బత్తి రాలేదంటే మనిషి రానట్టే. మనిషి కిందనే ఉన్నాడని ఒక్కరు అన్నా సరే, బొగ్గు పని ఆపి వెతకాల్సిందే. నా భర్త బత్తి ఆయన నెత్తి మీదే జీపెక్కింది. బత్తి గదిలో ఆ ఖాళీ కొక్కేనికి చెడిపోయిన బత్తి ఒకటి తగిలించి, ఎవరికీ పట్టనట్టు ఉన్నారని తర్వాత తెలిసింది.

రెండో షిఫ్టు దిగే వేళకు బాయి ఆఫీసు ముందు నిలబడ్డాం. దిగాల్సిన వాళ్ళంతా అక్కడే ఉన్నారు. మేనేజర్ సారు బయటికి వచ్చాడు. వచ్చి ముందు అడిగింది ఆమెను. "ఏమ్మా, కువైట్ నుంచి ఏమన్న తెల్సిందా?"

అక్కడ కూడా! నాకు ఒళ్ళు భగ్గుమంది. కానీ ఆమే అందుకుంది. "నా సంగతి తర్వాత సారు. ముందుగాల ఈ అక్క ఆయన ఎక్కడున్నడో చెప్పుండ్రి."

"కిందనే ఉన్నడు. మొన్న దిగిండు, ఎక్కలే. బత్తి రాలే, చూసుకోండ్రి" అన్నాను నేను, అందరికీ వినబడేలా.

"ఆయన ఎక్కిండమ్మా," అన్నాడు సారు మెల్లగా.

"ఎక్కంగ చూసినోళ్ళెవలు సారు? ఎక్కి ఎటు పోయిండు? చూసినోళ్ళను చెప్పుమనుండ్రి."

అంతమంది మగవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. అందరూ చూసినవాళ్ళే. ఆ జోడీ అతను బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. చూశామంటే జీపు సంగతి చెప్పాలి. చూడలేదంటే మనిషి కింద ఉన్నట్టు. వాళ్ళ మౌనం మీద నాకు అప్పటిదాకా కోపం, ఆ క్షణంలో ఆ మౌనమే నాకు పనికొచ్చింది.

బొగ్గు పని ఆగింది. మనుషులు దిగే బండి దింపి, జీపెక్కడం కళ్ళారా చూసిన వాళ్ళే నా భర్తను వెతకడానికి దిగారు. మూలమూలా తిరిగి, పేరు పెట్టి పిలిచారట కూడా. పైన మేము ఎండలో కూర్చున్నాం. సారు గదిలో ఫోను ఆగకుండా మోగింది. షిఫ్టు సగం గడిచాక ఆయన వచ్చి, నేల చూస్తూ, "ఠాణాలనే ఉన్నడంట. ఏదో అడగనీకి తీస్కపోయిండ్రంట. ఇడిచిపెడ్తరు, ఇంటికి పోండ్రి" అన్నాడు. ఉన్నాడని ఒకసారి ఒప్పుకున్నాక ఇక లేకుండా చెయ్యడం కష్టం. అంతమంది ముందు ఆ మాట అనిపించినందుకు నేను ఈరోజుకీ మురిసిపోతాను.

నా భర్తను వదిలిపెట్టారు. పట్టపగలే వీధిలో నడుచుకుంటూ వచ్చాడు. ఎవరూ ఎదురు రాలేదు. తలుపులు దగ్గరికి వేసుకున్న చప్పుడు ఒకసారి వినబడి, ఆగిపోయింది. అక్కడ ఏం చేశారని అడిగితే, అన్నం పెట్టు అన్నాడు. మళ్ళీ అడిగితే లేచి అవతలికి పోయాడు. కొన్నాళ్ళకు అడగడం మానేశాను.

దసరా పోయాక ఆమె భర్త వచ్చాడు. రామగుండం స్టేషన్‌కు కాలనీ అంతా పోయింది, దండలు వేసింది, పేపరు వాళ్ళు ఫోటో తీశారు. ఆదివారం పొద్దున వాళ్ళ వాకిట్లో చాప పరిచి, అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని అందరూ కథ విన్నారు. నా భర్త కూడా వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు.

"మిల్ట్రోళ్ళు ఒక కమ్రాల ఏసిండ్రు కాక," అతను చెబుతున్నాడు. "గోడదిక్కు మొకం పెట్టి కూసోమన్నరు. కన్ను మూస్తే తన్నుడే. నీ శేఠ్ ఎక్కడున్నడు, నీతోని ఎవలెవలున్నరు, పేర్లు చెప్పు అన్నరు. నీళ్ళడిగితే నా ముంగటనే కింద పారవోసిండ్రు."

ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కొబ్బరికాయ అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మనిషిని పట్టుకపోయినంక ఇంట్లోళ్ళకు చెప్పరా? గదేం దేశం బిడ్డా! మన దగ్గర గిట్ల నడుస్తదా?" అంది. నడువది, నడువది అని అందరూ అన్నారు.

నా భర్త చాయ్ తాగి కప్పు కింద పెట్టాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పక్కింటివాడు ఆయన ముందే అన్నీ చెప్పుకుంటున్నాడు, అందరూ అయ్యో అంటున్నారు. ఆ అయ్యోలన్నీ చూసి నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. కాసేపటికి ఇద్దరం లేచి ఇంట్లోకి వచ్చాం. ఇక ఉండబట్టలేక, "నువ్వు సుత చెప్పరాదు, నిన్నేం చేసిండ్రో" అన్నాను.

ఆయన అంగీ విప్పి మేకుకు తగిలించాడు. "ఆయన చెప్పింది ఇన్నవు గద," అన్నాడు. "గంతే."