అగ్నిపర్వతం మీద మా అవ్వ కేక

ఈ రోజు పొద్దున ఇండోనేషియాలో బ్రోమో అగ్నిపర్వతం ఎక్కాం. మాతో పాటు నల్లగొండ నుంచి వచ్చిన మా అవ్వ కూడా ఉంది. ఆమెకు ఎనభై మూడేళ్లు. కింద గుర్రం దిగగానే, "నువ్వు గీడనే కూసో అవ్వా, ఇగ అన్నీ మెట్లే" అన్నాను. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నాకంటే ముందు నడిచింది. సగం దారిలో నేను రొప్పుతూ కూలబడితే వెనక్కి తిరిగి చూసి నవ్వింది కూడా!

పైన పర్వతం లోపలి నుంచి పొగ బుసబుసా లేస్తోంది. అవ్వ కంచె పట్టుకుని చాలాసేపు చూసింది.

"భయమైతుందా అవ్వా?"

"భయమేందే! రజాకార్లు మా ఊరు కాలవెట్టిన నాడు మా అమ్మ నన్ను గుట్ట మీదికి గుంజుకపోయింది. గాడికెల్లి గిట్లనే పొగ చూసిన. ఏడుస్తనేమోనని అమ్మ నా నోరు గట్టిగ మూసింది. గిప్పుడు ఒక్కసారి ఒర్రుదునా బిడ్డా?"

నేను జవాబు చెప్పేలోపే, "అమ్మా! నేను మంచిగున్ననే!" అని కొండంతా మోగేలా కేక పెట్టింది.

చుట్టూ ఉన్న విదేశీయులు బిత్తరపోయారు. తర్వాత ఒక జర్మనీ ఆయన "మంచిగున్ననే!" అని అరిచాడు. ఆ వెంటనే అందరూ అందుకున్నారు. అవ్వ నవ్వాపుకోలేక నా భుజం మీద వాలిపోయింది.

హోటల్‌కు రాగానే "రేపు ఏ గుట్ట?" అని అడిగింది. నా మోకాళ్లేమో సెలవడుగుతున్నాయి. మీ ఇళ్లలో అవ్వలు, తాతలు ఎక్కడెక్కడ ఎక్కారో రాయండి, మా అవ్వకు చదివి వినిపిస్తాను.