చీము పట్టని పుండు

ఉద్యోగంలో ఉండగా రెండు, రిటైరయ్యాక మూడు, మొత్తం ఐదు ఉత్తరాలు మా శాఖ పైఅధికారులకు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే విషయం ఇక్కడ రాస్తున్నాను.

నా చివరి పోస్టింగు గోదావరి పడమటి గట్టున ఒక ప్రభుత్వాసుపత్రిలో, ల్యాబ్ టెక్నీషియన్‌గా. రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక సోమవారం, పిల్లల వార్డు నుంచి రక్తం శాంపిల్ వచ్చింది. చీటీ మీద ‘బేబీ ఆఫ్ సత్యవతి, నలభై రోజులు’ అని ఉంది. పేరు పెట్టని బిడ్డను తల్లి పేరుతోనే నమోదు చేస్తాం. తెల్లకణాలు డెబ్బై వేలు వచ్చాయి. ఆ వయసుకి ఇరవై వేలు దాటితేనే ఎక్కువ. మెషీన్‌ను నమ్మక, మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టాను. అంతే వచ్చింది. బ్లడ్ క్యాన్సరేమోనని స్లైడు చూశాను. క్యాన్సరైతే కనిపించే పచ్చి కణాలు లేవు, అన్నీ ఎదిగినవే.

డ్యూటీ డాక్టరుగారు రిపోర్టు మీద ఎర్ర సిరాతో ‘ల్యాబ్ ఎర్రర్, రిపీట్’ అని రాసి పంపారు. మా రిజిస్టర్లోనూ ఆ మాట ఎక్కించాలి, ఎక్కించాను. కొత్త శాంపిల్‌తో మళ్ళీ చేశాను. తేడా లేదు. ఫోన్ చేస్తే, “మాస్టారూ, కళ్ళజోడు మార్చండి ఓసారి,” అన్నారు. వెనక నర్సుల నవ్వు వినిపించింది. అప్పటికి నాది ముప్ఫయ్యొకటో ఏడు సర్వీసు.

వార్డులోకి వెళ్ళడం మా పని కాదు. వెళ్ళాను. బిడ్డ బొడ్డు చుట్టూ లోతైన పుండు. ఎర్రగా ఉంది గాని చుక్క చీము లేదు. చీమంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లకణాలే. రక్తంలో అన్ని ఉన్నప్పుడు పుండులో ఒక్కటీ లేకపోవడమేమిటి?

పక్కన పిల్ల అమ్మమ్మ కూర్చుని ఉంది. నరసాపురం వైపు చేపలు పట్టే కుటుంబం.

“ఇంకా పేరు పెట్టలేదేంటమ్మా?” అని అడిగాను.

“బొడ్డూడితే కదండీ! మొన్నటిదాకా ఊడలేదు. ఊడందే మేం ఉయ్యాల్లో వెయ్యమండి. దీని ముందోడికీ ఇంతే. పేరు లేకుండానే పోయాడు.”

“మేనరికమా?”

“ఆయ్. నా తమ్ముడికే ఇచ్చుకున్నానండి. బయటోళ్ళు ఎలా చూస్తారోనని.”

కిందికొచ్చి పాత రిజిస్టర్లు తీశాను. రెండేళ్ళ వెనక అదే ‘బేబీ ఆఫ్ సత్యవతి’. తెల్లకణాలు ఎనభై వేలు. పక్కన ‘ల్యాబ్ ఎర్రర్’. కింద నా పొట్టి సంతకం. అప్పుడు నేను వాదించలేదు.

రెండు రిజిస్టర్లూ డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. చదివి, “ముందే చెప్పొచ్చు కదండీ,” అన్నారు. ఆ మధ్యాహ్నమే బిడ్డను హైదరాబాదు పంపారు.

అక్కడ తేలింది. తెల్లకణం రక్తంలో తిరుగుతూ, సూక్ష్మజీవులు చేరిన చోట రక్తనాళం గోడను పట్టుకుని ఆగి, బయటికి దూరి వెళ్ళాలి. ఆ పట్టు ఇచ్చే ప్రొటీన్ ఈ బిడ్డకు పుట్టుకతోనే లేదు. “కట్టుతాడు లేని పడవ రేవులో ఆగదు, వాలుకి పోతుంది,” అని తండ్రికి చెప్పాను. బొడ్డు ఊడటానికీ ఆ కణాలే రావాలి. తల్లిలో, తండ్రిలో ఒక్కో లోపపు జన్యువు ఉంటే వాళ్ళకేమీ కాదు. రెండూ బిడ్డకు వస్తేనే జబ్బు. దగ్గరి రక్తంలో ఆ అవకాశం ఎక్కువ.

బిడ్డకు ఆరేళ్ళ అక్క ఉంది, ఆ పిల్ల ఎముక మూలుగ సరిపోతే తీసి ఎక్కించారు. బిడ్డ బతికింది. ఏడాది దాటాక ఉయ్యాల్లో వేసి పేరు పెట్టారు. హైదరాబాదు పంపిన కాగితంలో మాత్రం ‘పుండు చూసి నేను అనుమానించాను’ అని డాక్టరుగారు రాసుకున్నారు. ల్యాబ్ ఊసు లేదు.

నమ్మశక్యం కాని అంకె తప్పుడు అంకె కానక్కర్లేదు. రోగిని చూడకుండా దాన్ని కొట్టెయ్యకూడదు. మొదటి బిడ్డప్పుడు నేను మెట్లెక్కలేదు. ఐదు ఉత్తరాల్లోనూ అది ఒప్పుకున్నాను. కానీ ఆ రెండు రిజిస్టర్లలో ‘ల్యాబ్ ఎర్రర్’ ఇప్పటికీ అలాగే ఉంది. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు దాన్నే చదువుతారు. ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాల్సిన అధికారి ఎవరు? పేరూ హోదాతో జవాబు కావాలి.