గుడ్డు మాయమైన గడియ

తడిసిన అగ్గిపెట్టె మీద పుల్ల గీస్తున్న చప్పుడు. గీత, ఆగడం, మళ్లీ గీత. నిప్పు మాత్రం పుట్టదు. నరసన్నపేటలో ఒక సందు చివరి ఇంటి అరుగు మీద కూర్చుని ఆ చప్పుడే వింటున్నాను. లోపల ఎవరో పొయ్యి వెలిగించలేక అవస్థ పడుతున్నారనుకున్నాను. కాసేపటికి తలుపు తెర తొలగించుకుని పొడవాటి మనిషి ఒకాయన బయటికొచ్చాడు. చేతిలో అగ్గిపెట్టె లేదు. చప్పుడు ఆయన వేళ్లది. కుడి బొటనవేలు మధ్యవేలి మీద జారుతోంది, జారి ఊరికే పోతోంది. రోజూ పొద్దున్నే టీ కన్నా ముందు ఇలా చిటిక వేసి చూసుకుంటాడట. ఇవాళ కూడా రాలేదన్నట్టు భార్య కాంతం వైపు చూసి, ఆ తర్వాత నాకు నమస్కారం పెట్టాడు.

నేను కలవడానికి వచ్చింది ఈయన్నే, పేరు ఎజ్రా. ఇంద్రజాలికుడు. బడి పండగల్లో, పెళ్లి విందుల్లో, రైతుల సంబరాల్లో గుడ్లూ రుమాళ్లూ మాయం చేస్తూ జుట్టు నెరిసింది. తండ్రి వరి చేలల్లో కూలి. ఎజ్రా కూడా కొన్నాళ్లు నాట్లు వేసి, ఆ బురద చేతులతోనే పర్లాకిమిడి వెళ్లి, దండపాణి పాత్రో అనే ముసలి గారడీ మాస్టారి దగ్గర చేరాడు. పాత్రో మొదటి ఏడాదంతా శిష్యుడి చేతికి గుడ్డు ఇవ్వలేదు. చిటిక వేయడం ఒక్కటే నేర్పాడు. ఎడమ చెయ్యి గాలిలో నెమ్మదిగా సున్నా చుట్టాలి. చూపు దాని వెంట పోవాలి. సున్నా మూసుకునే చోట కుడిచేతి చిటిక పడాలి.

మాయ ఆ చిటికలో జరగదు. ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. ముందు వరసలో పెద్దాయన్ని భోజనం అయిందా అని ఎజ్రా పలకరిస్తున్నప్పుడే గుడ్డు కోటు చేతిలోకి జారి నిద్రపోతూ ఉంటుంది. ఆ సంగతి జనానికి తెలియదు. ఖాళీ గుప్పిటని గుడ్డున్న గుప్పిటంత ప్రేమగా చూస్తూ ఉంటారు. చిటిక పడగానే వాళ్లలో ఏదో కిటికీ తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆశ్చర్యపోవచ్చు అని చిటిక సెలవిస్తుంది. వాళ్లు ఆశ్చర్యపోతారు. ఎజ్రాది బాప్టిస్టు కుటుంబం, సంఘ పెద్దలు మంత్రాలు కూడదన్నారు కాబట్టి నోటితో పలకడానికి ఆయనకి ఏ మాటా లేదు. ఉన్నదల్లా ఆ చిటికే.

ఊరు కూడా దానికి అలవాటు పడిపోయింది. ధాన్యం మిల్లులో కొత్త మోటారు బిగిస్తే ఎజ్రాకి కబురు వచ్చేది. మెకానిక్కు స్విచ్చి వేసేవాడు, ఎజ్రా చిటిక వేసేవాడు. చిటిక పడకుండా తిరిగిన మోటారుని మిల్లువాళ్లు అనుమానంగా చూసి, ఆపేసి, ఆయన వచ్చాక మళ్లీ తిప్పేవారు.

పోయిన వేసవిలో ఆయన మాయపెట్టె రహస్యపు మూత ఆయన బొటనవేలి మీదే పడింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఇక ఆ వేలు మధ్యవేలిని సరిగ్గా అందుకోలేదు. గుడ్డు దాచడానికి అడ్డేమీ లేదు. చిటికే లేదు.

దీంతో పెద్ద తేడా ఉండదనుకుని ఆయన ధాన్యం వ్యాపారి గణపతిరావు కూతురి పెళ్లి విందుకి వెళ్లాడు. గుడ్డు చూపించాడు, గుప్పిట మూశాడు, పలకరించాడు, గుడ్డు పోయింది. ఎడమ చెయ్యి సున్నా చుట్టింది. కుడి చెయ్యి తెరుచుకుంది, ఖాళీగా. జనం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎజ్రా రెండు చేతులూ తిప్పి చూపించాడు. ఇంకా ఎదురుచూశారు. చివరికి గణపతిరావే మర్యాదగా ముందుకి వంగాడు.

"ఏటి మాస్టారూ, గుడ్డు మర్సిపోనారేటి?"

పోయిందని చెప్పేస్తే సరిపోయేది. కానీ నోటితో చెబితే అది మాయ కాదు, కబురు అని పాత్రో అనేవాడట. గణపతిరావు వంటల దగ్గరికి మనిషిని పంపి, బిర్యానీ కోసం ఉడకబెట్టి ఒలిచిన గుడ్డు తెప్పించాడు. ఎజ్రా దాన్నీ మాయం చేశాడు. జనం దాని కోసం కూడా ఎదురుచూశారు. ఇంకో గుడ్డు వచ్చింది. ఈయన ఖాళీ చెయ్యి చూపించడం, పాపం మాస్టారి దగ్గర గుడ్డు లేదని వాళ్లు ఇంకోటి తెప్పించడం. గుడ్లు వెన్నెల ముద్దల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆయన కోటులో అస్తమించాయి. చివరికి వంట మేస్త్రి నరసింగరావు గరిటె పట్టుకుని తానే వచ్చాడు.

"బిర్యానీలోకి గుడ్లు నేవు బాబూ," అన్నాడు పందిరంతా వినేలా. "ఈ మేజిక్కాయన తినీసినాడు."

జనం ఆశ్చర్యపోయింది ఒక్క అప్పుడే.

ఎజ్రా ఆటోలో వెనక్కి ఆనకుండా, పొదిగే కోడిలా జాగ్రత్తగా కూర్చుని ఇంటికి వచ్చాడు. కాంతం కోటులోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి గిన్నెలో పెట్టింది. పులుసు కాచింది. మేజిక్కుల ఎజ్రాకి గుడ్ల పిచ్చి పట్టిందని మర్నాటికి ఊరంతా పాకింది. ఆయన కిరాణా కొట్టు ముందు నుంచి వెళ్తే కొట్టువాడు గుడ్ల అట్టని లోపలికి జరిపేవాడు. ఎజ్రాకి గుండెలో గుచ్చుకున్నది ఆ నింద కాదు. పులుసు ముందు కూర్చుని ఆయన అన్న మాట కాంతం నాకు చెప్పింది.

"సిటిక నేకపోతే నాను మేజీషియన్ని కాను కాంతం. గుడ్లు దాసుకునే మనిషిని."

కాంతం తమ్ముడు దేవేంద్ర బస్సు కండక్టరు. బావ దిగులు చూడలేక తన విజిల్ ఇచ్చాడు. చిటిక బదులు కాంతం పక్కన నిలబడి ఊదితే సరిపోతుందన్నాడు. శ్రీకాకుళంలో ఒక డ్రైవరు పదవీ విరమణ సభకి ప్రదర్శన కూడా అతనే కుదిర్చాడు. ఆ రోజు ముందు వరసంతా డ్రైవర్లే. సున్నా మూసుకుంది, విజిల్ మోగింది. వరసలోని కుడికాళ్లన్నీ ఒక్కసారిగా నేలని తొక్కాయి. వాళ్ల వెనక కొందరు కూర్చున్నచోటే తూలి ముందు కుర్చీలు పట్టుకున్నారు. వెనక వరసల్లో ఆడవాళ్లు సంచులు సర్దుకుని లేచి నిలబడ్డారు. ఏ స్టాపని ఒకావిడ అడిగింది. గుడ్డు సంగతి ఎవరికీ పట్టలేదు.

"మా వోళ్లకి విజిలంటే బ్రేకే బావా," అన్నాడు దేవేంద్ర, తనదే తప్పన్నట్టు. "నాకు తోచనేదు."

ఎజ్రా కోటులో ఎండు వేపాకు వేసి మడత పెట్టాడు. దాన్ని అటక ఎక్కించబోతుంటే కాంతం నిచ్చెన పట్టుకోనంది. చిటిక కోసం పొద్దస్తమానం ఏడవడం దేనికి, రెండు చేతులూ పైకెత్తు, ఎత్తితే ఎవరైనా చూడక ఏం చేస్తారు అంది. ఆయన అద్దం ముందు నిలబడి చేతులెత్తడం అలవాటు చేసుకున్నాడు. ఇదీ కుదరకపోతే కోటు ఎక్కించేటప్పుడు నిచ్చెన పట్టుకోవాలని మాట తీసుకున్నాడు.

భోగాపురం పక్క ఒక చిన్న ఊళ్లో గుడారం వేసి చర్చి సంఘం వాళ్ల సాయంత్రపు కూడిక. గారడీ అనకూడదు, చేతి విద్య అనాలి అన్న షరతు మీద పాస్టరు గారు ఒప్పుకున్నారు. తాటిచెట్ల అవతల ఆకాశం పండిన మామిడి తొక్కలా ఉంది. ఎజ్రా గుడ్డు చూపించాడు, గుప్పిట మూశాడు, ముందు వరసలో పెద్దమ్మని పలకరించాడు. గుడ్డు జారిపోయింది. ఆయన తన బతుకంతా అరచేతుల్లోకి తెచ్చుకుని రెండు చేతులూ పైకెత్తాడు.

గుడారంలో తలలన్నీ వంగాయి. ఆడవాళ్ల కొంగులు నెత్తి మీదికి వచ్చాయి. కళ్లన్నీ మూసుకున్నాయి. స్టేజీ మీద ఎవరైనా అలా చేతులెత్తితే ఆ ఊరి వాళ్లకి ఇంకో అర్థం లేదు. ఏసురాజు అనే పెద్దాయన లేచి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. వరి చేలకి వానలడిగాడు. విమానాశ్రయంలో కుర్రాళ్లకి ఉద్యోగాలడిగాడు. అత్తగారితో పడని ఒక కోడలి పేరు చెప్పి సహనం అడిగాడు. ఎజ్రా చేతులు దించలేదు. ప్రార్థన మధ్యలో దించడం పాపం. ఖాళీ అరచేతులు ఎవరూ చూడని రెండు దీపాల్లా పైనే ఉన్నాయి. పక్కన కాంతం కూడా కళ్లు మూసుకుంది, కానీ సిగ్గుతో.

"ఈ సోదరుడి బొటనేలి కోసం కూడా అడుగుతన్నాం తండ్రీ," అన్నాడు చివరికి ఏసురాజు. "ఆమెన్."

ఆమెన్, అంది గుడారం. కళ్లు తెరుచుకున్నాయి. వాళ్లు మూసుకునేటప్పుడు లోకంలో ఒక గుడ్డుండేది. ఇప్పుడు లేదు. మొదట ఊపిరి ఆగిన చప్పుడు, తర్వాత చప్పట్లు. పెద్దమ్మ లేచొచ్చి ఎజ్రా చేతులు తడిమి చూసింది. ఎజ్రా ఏడ్చాడని కాంతం అంటుంది. చేతులు నొప్పెట్టాయంతేనని ఎజ్రా అంటాడు.

అప్పట్నుంచీ ఆయన ఏ ఊళ్లోనైనా ఇదే పద్ధతి. గుడ్డుని అరచేతిలో అందరికీ కనబడనిచ్చి, కళ్లు మూసుకోమంటాడు. అందరూ మూసుకున్నాకే మాయం చేస్తాడు. తెరవమన్నప్పుడు ఊళ్లు ఆశ్చర్యపోతున్నాయి. గణపతిరావు కూడా ఒక బారసాలకి పిలిచాడు, గుడ్డు మాత్రం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోమన్నాడు.

ఒక్క కాంతమే కళ్లు మూసుకోదు. అందరూ మూసుకున్న ఆ కాసేపూ ఈయన ఏం చేస్తాడో చూసిన మనిషి ఆవిడొక్కతే. పలకరింపు ఉంటుందట. కోటు చేతిలోకి గుడ్డు జారడం, ఎడమ చెయ్యి సున్నా చుట్టడం, దాని వెంట చూపు పోవడం, పాత్రో నేర్పింది ఒక్కటీ తగ్గకుండా, మూసిన కళ్ల ముందు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ నా ముందే దెప్పింది.

"ఎవులూ సూడనప్పుడు అంత అవస్త దేనికి? జేబులో పెట్టీసుకో."

"జేబులో పెట్టుకుంటే అది దాయడం," అన్నాడు ఎజ్రా. "మాయం సెయ్యడం కాదు. నాను దాయడానికా పర్లాకిమిడి ఎల్నాను?"

ఆవిడ తలెత్తలేదు. గుడ్ల గిన్నెని మాత్రం ఆయన వైపు జరిపింది. ఆయన ఒకటి ఎంచుకుని, తుడిచి, అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. తెల్లగా, కొద్దిగా మచ్చలతో, లోకంలో ఉన్నదే. కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. హైవే మీద లారీ ఒకటి వెళ్లింది. నా ఆరోగ్యం గురించి, మా ఇంట్లో వాళ్ల గురించి ఆయన తీరిగ్గా అడిగాడు, చెప్పాను. చాలాసేపటికి కాంతం కత్తిపీట చప్పుడు కూడా ఆగిపోయింది. అయిపోయిందేమోనని రెప్పలు కదిలించబోయాను.

"ఆగండి బాబూ, ఇంకా అవ్వనేదు. నాను సెప్పినదాకా తెరవకండి."